పచ్చిదా, పచ్చదా

ఆ పొద్దున పెద్దాయన అనుకున్న పని చిన్నదే. కాఫీ తాగాలి, పరీక్షకొచ్చిన రాయి తడిపి టార్చి వేసి చివరిసారి చూడాలి, అది అసలైనదేనని కాగితం మీద సంతకం పెట్టాలి. పదకొండుకు నగల కొట్టు షావుకారు వచ్చి ఆ కాగితం పట్టుకెళ్తాడు, పన్నెండుకు రాయి అమ్మేవాడికి డబ్బు కడతాడు. పెద్దాయన సంతకం లేనిదే షావుకారు ఏ రాయీ కొనడు. నలభై ఏళ్ళలో ఆ సంతకం ఒక్కసారీ తప్పు కాలేదు. ఆయన పరువంతా అందులోనే ఉంది.

రాయి చూడటానికి బంగాళదుంపలా ఉంది. జేడ్ అనే ఖరీదైన ఆకుపచ్చ రాయి కోయకముందు అంతే. పైన మట్టిరంగు తొక్క, లోపలేముందో దానికే తెలియాలి. తొక్కను గోరంత మేర అరగదీసి, అక్కడ టార్చి ఆనించి చూస్తారు. నిన్న అలా చూస్తే లోపల ఆకుపచ్చగా వెలిగింది. "మేలిమి," అని పెద్దాయన నోటితో చెప్పేశాడు కూడా. కోయని రాయిని ఆ పనివాళ్ళు 'పచ్చిది' అంటారు.

బల్ల మీద ఇంకో రాయి ఉంది. అది బావమరిది జేడనుకుని సంతలో కొనుక్కొచ్చింది. నిగనిగలాడే పచ్చరంగు. "గులకరాయిరా ఇది," అని పెద్దాయన నిన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు. బావమరిది అన్నం తినకుండా వెళ్ళిపోయాడు.

టార్చి వెలగలేదు. పెద్దాయన దాన్ని రెండుసార్లు అరచేతికేసి కొట్టి, మూడోసారి తిట్టి, బ్యాటరీల కోసం బజారుకు బయలుదేరాడు. సగం దారిలో భార్యకు ఫోన్ చేశాడు.

"మీ తమ్ముడొస్తాడు. వాడి రాయి వాడి మొహాన కొట్టి పంపెయ్. పచ్చిది మాత్రం ఇవ్వకు, నీళ్ళలో పడెయ్."

"ఏది ఇవ్వద్దూ?"

"పచ్చిది! పచ్చిది! చెవుల్లో ఏం పెట్టుకున్నావ్?"

అప్పుడే వెనక లారీ హారన్ కొట్టింది. ఆ మోతలో 'చ్చి' మీది గుడి ఎగిరిపోయింది. ఆవిడకు 'పచ్చది' అని వినబడింది. రాళ్ళ జోలికి ఏనాడూ వెళ్ళని మనిషి, ఏది ఎవరిదో ఆవిడకేం తెలుసు? తిట్లు తిన్న కోపంలో మళ్ళీ అడగలేదు. పచ్చరాయిని బకెట్‌లో పడేసి, బంగాళదుంపను గుడ్డసంచిలో కట్టి తమ్ముడి చేతికిచ్చింది.

తమ్ముడు వీధి మలుపులో సంచి విప్పి, నడిరోడ్డు మీదే నిలబడిపోయాడు. తనది గులకరాయైతే బావ ఎందుకు దాచుకుంటాడు? అంటే అది అసలు జేడే!

"పచ్చి మోసం!" అని అరిచాడు. పక్కన పోతున్న సైకిలాయన ఉలిక్కిపడి దిగిపోయాడు.

బావ బండారం బయటపెట్టాలని, ఎదురుగా కనిపించిన నగల కొట్టులోకి దూరి సంచిని బల్ల మీద బోర్లించాడు.

"చూడండి! మా బావ నా జేడ్ కొట్టేసి ఈ దిక్కుమాలిన రాయి అంటగట్టాడు!"

కొట్టు షావుకారు చూశాడు. తను పరీక్షకిచ్చిన రాయి. తన చేత్తో వేసిన ఎర్ర అంకె దాని మీదే ఉంది.

"ఇది నీకెవరిచ్చారు?"

"మా బావే!"

"ఊరికేనా?"

"ఊరికే! పైగా మొహాన కొట్టి పంపమన్నాడట!"

పెద్దాయన బ్యాటరీలతో ఇల్లు చేరేసరికి పదిన్నర దాటింది. వాకిట్లో అరుగు మీద రాయి పెట్టి, షావుకారూ బావమరిదీ కోపంతో ఊగిపోతున్నారు.

"నమ్మి ఇస్తే నా రాయి మీ చుట్టాలకి పంచిపెడతారా?" అన్నాడు షావుకారు.

"ముందు నా రాయేది బావా?" అన్నాడు బావమరిది.

"బకెట్‌లో ఉందిరా," అంది అక్క.

"బకెట్‌లో ఎందుకేశావే?" అని పెద్దాయన గద్దించాడు.

"మీరేగా పచ్చది నీళ్ళలో పడెయ్యమన్నారు!"

"పచ్చిది అన్నానే! పచ్చిది!"

"ఆ గుడేదో కాస్త గట్టిగా పెట్టాల్సింది!"

"చాల్లే బావా, నాటకాలు! నీ బంగాళదుంప నువ్వే వండుకో!" అంటూ బావమరిది రాయెత్తి నేలకేసి కొట్టాడు.

షావుకారు కళ్ళు మూసుకున్నాడు.

జేడ్ అంత తేలిగ్గా పగలదు. ఇది మాత్రం డబ్బా మూత ఊడినట్టు రెండుగా విడిపోయింది. లోపల తొలిచిన గుంట, అందులో ఆకుపచ్చ సీసా పెంకు, చుట్టూ ఎండిన జిగురు.

షావుకారు గడియారం చూసుకున్నాడు. డబ్బు కట్టడానికి ఇంకా గంటకు పైనే ఉంది.

"నిన్న మీరేగా మేలిమన్నారు," అన్నాడు మెల్లగా. అరిచి ఉంటే బాగుండేది.

"తడిపి చూస్తే అతుకు తెలిసిపోయేది," అన్నాడు పెద్దాయన, ఎవరి మొహమూ చూడకుండా.

"మీరు దాన్ని తడిపేలోగా నేను మునిగేవాణ్ణి."

షావుకారు బావమరిది భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించుకుపోయాడు. "తమ్ముడూ, కొట్లో ఇంకో ఏడు రాళ్ళున్నాయి, ఒకసారి వచ్చి చూస్తావా?" అనడం పెద్దాయన చెవిన పడింది.

ఆ కొట్టుకు ఇప్పుడు రాళ్ళు పరీక్షించేది బావమరిదే. పనిముట్లేవీ అడగడు, గచ్చు గట్టిదైతే చాలంటాడు.