రద్దయిన పెళ్ళికి షామియానా

ఆ గురువారం ఉదయం లిఖిత వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగు ఇడ్లీలు తిని, ఎప్పటిలాగే నందివెలుగు సెంటర్లో ఆటో ఎక్కి, ఎప్పటిలాగే తెనాలి ఆఫీసుకు వెళ్ళాలి. ఆ రోజుకు ‘ఎప్పటిలాగే’ అన్న మాటే ముఖ్యం. అన్నీ పెద్దలు అనుకున్నట్టు జరిగి ఉంటే ఆ ఉదయం ఆమె పెళ్ళికూతురు. ఆ పెళ్ళిని ఆమే వద్దంది. వద్దన్న మనిషి సరిగ్గా ఆ రోజునే ఇంట్లో దాక్కుంటే ఎలా అని ఆమె పట్టుదల.

తల్లి శివపార్వతి పథకం వేరు. సాయంత్రం దాకా వీధి తలుపు తీయకుండా, పూజగదిలో విష్ణుసహస్రనామం చదువుకుంటూ గడిపేయాలని. ఎన్నిసార్లు చదవాల్సి వచ్చినా సరే.

పెళ్ళి ఆగిన కారణం పెద్దదేమీ కాదని చుట్టాలందరూ అన్నారు. అబ్బాయి రాజీవ్‌ది చెరుకుపల్లి, హైదరాబాదులో ఇంజనీరు. పెళ్ళిచూపుల్లో లిఖిత ఉద్యోగం గురించి విని, "చాలా బావుందండి" అన్నాడు. తాంబూలాలు పుచ్చుకున్నాక ఫోన్ చేసి, "షామియానాల కంపెనీలో పని చేస్తుందంటే మా ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. మానెయ్" అన్నాడు. లిఖిత రాత్రంతా ఆలోచించి, రెంటిలో ఒకటి మానేసింది. మానేసింది ఉద్యోగం కాదు.

ఆ ఉద్యోగం వెంకటప్పయ్య గారి సప్లయర్స్‌లో. షామియానా, కుర్చీలు, వంట, మేళం, పెళ్ళివారికి బస్సు, అతిథుల ఫోన్లకు ఆహ్వాన సందేశాలు, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. తెనాలి ఆయన ముఖ్య కార్యాలయం. బాపట్లలోనూ రేపల్లెలోనూ శాఖలు. ఒక తుఫానుకు తెనాలిలో నెట్ పోయి, ఏ పెళ్ళికి ఏ లారీ వెళ్ళాలో తెలియక ఆయన తల పట్టుకున్నాడు. ఆ తర్వాత లిఖిత ఊరికొక సర్వర్ పెట్టి, ఆర్డర్లన్నీ మూడు చోట్లా ఉండేలా ఏర్పాటు చేసింది. ఒక ఊరు పడుకున్నా మిగతా రెండూ ఒక మాట అంటే పని జరిగిపోతుంది. పడుకున్న ఊరు లేచాక మిగతావాటితో పోల్చుకుని తనకు తెలియనివి తెలుసుకోవాలి. ఆ పోల్చుకోవడాన్నే వాళ్ళు రిపేరు అంటారు.

ఇందులో ఒక మెలిక ఉంది. రద్దయిన ఆర్డరును సర్వర్ వెంటనే చెరిపెయ్యదు. దాని మీద ‘రద్దు’ అని గుర్తు వేసుకుని, కొన్నాళ్ళు ఆగి, అప్పుడు గుర్తునూ ఆర్డరునూ కలిపి పారేస్తుంది. ఆ కొన్నాళ్ళలోపు రిపేరు జరిగి మూడు ఊళ్ళకూ సంగతి తెలియాలి.

రెండు నెలలుగా ఆ రిపేరే ముందుకు కదలడం లేదు. పోనీ చెడిపోయిందా అంటే, లేదు. ‘జరుగుతోంది’ అని చూపిస్తూ అలాగే నిలబడిపోయేది. ఒక రోజు మధ్యాహ్నం ఆగేది, మరో రోజు పొద్దున్నే ఆగేది, ఇంకో రోజు దీపాలు పెట్టే వేళకు ఆగేది. లిఖిత వైర్లు మార్పించింది, నెట్ వాళ్ళతో పోట్లాడింది, వేళలు మార్చి చూసింది. చివరికి బుధవారం పట్టుబట్టి మూడు సర్వర్లనూ ఆపి మళ్ళీ నడిపిస్తే, సాయంత్రానికి రిపేరు పూర్తయింది. ఆ సంతోషంతో దారిలో ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టి మరీ ఇంటికి వచ్చింది.

గురువారం రెండో ఇడ్లీ నోట్లో ఉండగా వీధిలో లారీ ఆగింది.

"అక్కా, గుంజలు ఎక్కడ పాతమంటారు? గేటు ముందా, రోడ్డు దాకానా?" అని బయటి నుంచి ఎవరో అడిగారు.

తలుపు తీస్తే తెనాలి కుర్రాళ్ళు అప్పటికే రెండు గుంజలు పాతేశారు. వెనకే మరో లారీ. అందులో బాపట్ల కుర్చీలు, కుర్చీల మీద బాపట్ల మేనేజరు ఎజ్రా. వంటపాత్రలతో రేపల్లె వ్యాను పెరట్లోకి వెళ్ళిపోయింది.

"ఎజ్రా అన్నా! ఏంటిది? ఆర్డర్ క్యాన్సిల్ చేసింది నేనే కదా!"

ఎజ్రా బుర్ర గోక్కున్నాడు. "నాకూ డౌటొచ్చింది చెల్లెమ్మా. పొద్దున్నే ప్రార్థన చేసుకుని మరీ చూశాను. బాపట్లలో ఉంది, తెనాలిలో ఉంది, రేపల్లెలో ఉంది. ముగ్గురు సాక్షులు ఒకే మాట చెప్తుంటే నేనెవణ్ణి కాదంటానికి? మీరూ వాళ్ళూ కలిసిపోయారేమో అనుకున్నా."

లిఖితకు నిన్నటి కొబ్బరికాయ గుర్తొచ్చింది. రద్దు మాట రేపల్లెకు చేరలేదు. ఈలోగా తెనాలి, బాపట్ల ఆ గుర్తును పారేశాయి. నిన్న రిపేరు నిజంగానే పూర్తయింది. రేపల్లె తన దగ్గర బతికి ఉన్న పెళ్ళిని తీసి, మిగతా ఇద్దరికీ ‘ఇదిగో, మీ దగ్గర లేనిది’ అని శ్రద్ధగా ఇచ్చింది.

"ఆపండి! గుంజలు పీకండి!" అంది లిఖిత.

"ఎట్టా పీకుతామక్కా? ఫోన్లో ఈ పని ఇంకా ఉంది. క్యాన్సిలని మెసేజొస్తే పీకేస్తాం," అన్నాడు గుంజ పట్టుకున్నవాడు. ఆ నియమం పెట్టింది కూడా లిఖితే. నోటిమాట మీద ఎవరూ ఏదీ విప్పకూడదని.

ఇంతలో చుట్టాలు రావడం మొదలైంది. తెల్లవారుజామునే వాళ్ళ ఫోన్లకు ‘నేడే శుభముహూర్తం, తప్పక విచ్చేయండి’ అని వెళ్ళిపోయింది. "పోన్లే అమ్మాయ్, మంచి బుద్ధి పుట్టింది," అని ఒక ముసలావిడ లిఖిత బుగ్గ పుణికి, టిఫిన్లు ఎటువైపో కనుక్కుని వెళ్ళిపోయింది. తండ్రి సంజీవరావు ఏం చెయ్యాలో తోచక పెరట్లోకి వెళ్ళి సాంబారులో ఉప్పు చూశాడు. సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

వెంకటప్పయ్య హడావిడిగా కారు దిగాడు. లిఖిత చెప్పిందంతా విన్నాడు. విన్నకొద్దీ ఆయన ముఖంలో భక్తి పెరిగింది.

"అమ్మా, మనిషి చెరిపేస్తే దేవుడు తిరగరాశాడమ్మా!"

"దేవుడు కాదు బాబాయ్‌గారూ, రేపల్లె."

"రేపల్లె చేత రాయించిందెవరు?"

శివపార్వతి గుమ్మంలోకి వచ్చింది. ఆమె షామియానా వైపు చూసింది, పూజగది వైపు చూసింది. "ఏమోనే లిఖితా... మనం వద్దనుకున్నా ఇంటి ముందుకొచ్చి నిలబడిందంటే..." అని ఆగింది.

"అమ్మా, లారీలో వచ్చింది. వైకుంఠం నుంచి రాలేదు."

సరిగ్గా అప్పుడే పూలదండలు కట్టిన బస్సు మలుపు తిరిగింది. పెళ్ళివారికి బస్సు కూడా ఆర్డరులో భాగమే. పొద్దున్నే చెరుకుపల్లిలో తమ గుమ్మం ముందు అలంకరించిన బస్సు ఆగేసరికి, అమ్మాయి తరపువాళ్ళు తప్పు తెలుసుకుని పంపారని వాళ్ళు అనుకున్నారు. ముందు రాజీవ్ తల్లి జయలక్ష్మి దిగింది. వెనక రాజీవ్ దిగాడు. సెలవు పెట్టి ఇంటికి వచ్చినవాడు, పాపం, పట్టుపంచె కట్టుకోవడానికి కూడా టైము చాలక ప్యాంటు మీదే ఉత్తరీయం వేసుకున్నాడు.

"బస్సు పంపేదేదో ముందే ఒక్క మాట చెప్తే మేమూ నగలు పెట్టుకునేవాళ్ళం కదా వదినగారూ!" అంది జయలక్ష్మి.

లిఖిత అరుగు మీద లాప్‌టాప్ తెరిచింది. ఆర్డరును మళ్ళీ రద్దు చేసింది. తెనాలి సరేనంది, బాపట్ల సరేనంది. రేపల్లె పలకలేదు. ఈసారి పొరపాటుకు తావు లేకుండా, మూడు ఊళ్ళూ ఒప్పుకుంటేగాని మెసేజ్ వెళ్ళకుండా చేసింది. రిపేరు మొదలుపెట్టింది. ‘జరుగుతోంది’ అని చూపించి, అక్కడే ఆగిపోయింది.

రాజీవ్ వచ్చి వెనక నిలబడి సంగతంతా విన్నాడు. నవ్వాడు. "అంటే నీ ఉద్యోగం నీ పెళ్ళినే సరిగ్గా క్యాన్సిల్ చేయలేకపోయింది. దీని కోసమా నన్ను వద్దంది?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. లిఖిత వెనక్కి తిరగలేదు. "చేస్తున్నా. మీరు కాస్త వెలుతురుకి అడ్డం తప్పుకోండి," అంది.

రేపల్లె శాఖ మేనేజరు కుసుమకుమారికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది. కుసుమకుమారి ఆ చుట్టుపక్కల పేరున్న భక్తురాలు. పంచాంగం చూడకుండా ఆఫీసు షట్టరు కూడా ఎత్తదు.

"పిన్నీ, మీ సర్వర్ పలకట్లేదు. లైటు వెలుగుతోందా?"

"ఎందుకు వెలుగుతుందమ్మా? నేనే ఆపాను. వర్జ్యం కదా!"

లిఖిత ఫోన్‌ను దగ్గరికి లాక్కుంది.

"వర్జ్యమైతే... రోజూ ఆపుతారా?"

"రోజూనే. ఆ రిపేరు ఏ వేళకు మొదలవుద్దో నాకేం తెలుసు? శుభకార్యాల ఆర్డర్లమ్మా అవి. వర్జ్యంలో ముట్టుకుంటే నాకు పాపం కాదూ? అయిపోగానే మళ్ళీ స్విచ్చేస్తున్నాగా!"

రెండు నెలల లెక్క లిఖితకు ఒక్కసారిగా తేలిపోయింది. వర్జ్యం ఏ రోజూ ఒకే వేళకు రాదు. అందుకే రిపేరు కూడా ఏ రోజూ ఒకే వేళకు ఆగలేదు. మధ్యలో రేపల్లె మాయమైతే, తెనాలి, బాపట్ల దాని కోసం మర్యాదగా ఎదురుచూస్తూ కూర్చున్నాయి. ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చినా, ఆగిపోయిన సంభాషణ మళ్ళీ మొదలు కాదు. తన పెళ్ళి రద్దు చేసిన ఘడియ కూడా వర్జ్యమే అయ్యుంటుంది.

"పిన్నీ, ఇప్పుడొక్కసారి స్విచ్ వెయ్యండి."

"ఇంకో అరగంటలో పోతుందమ్మా. అప్పుడేస్తా."

అరగంటకు ముహూర్తం. మెసేజ్ చూసుకుని వచ్చిన పురోహితుడు అప్పటికే కొబ్బరికాయలకు పసుపు రాస్తున్నాడు.

"పిన్నీ, ఒక్క మాట అడుగుతా, కోప్పడొద్దు. వర్జ్యంలో చేయకూడనిదేంటి?"

"కొత్త పని మొదలుపెట్టకూడదు."

"పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా వర్జ్యం వచ్చిందనుకోండి. పొయ్యి ఆర్పేస్తారా?"

"అదేం మాట! అన్నం పాడైపోదూ?"

"బస్సులో ఉండగా వస్తే దిగిపోతారా?"

"ఎందుకు దిగుతానమ్మా!" అంది కుసుమకుమారి.

"ఈ సర్వర్ మొదలుపెట్టిన రోజు ముహూర్తం పెట్టింది మీరే. కొబ్బరికాయ కొట్టిందీ మీరే. అప్పటి నుంచీ నడుస్తున్న పనే ఇది. కొత్తగా మొదలుపెట్టేదేదన్నా ఉంటే, అది ఇక్కడ మా వీధిలో వీళ్ళు మొదలుపెడుతున్నారు. మీరు వర్జ్యమంటున్న ఘడియలోనే గుంజలు పాతారు పిన్నీ, పోపు పెట్టారు, పెళ్ళికొడుకు బస్సు దిగాడు. దేవుడికి ఏది అభ్యంతరమో మీరే చెప్పండి."

అవతల పంచాంగం తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. ఇవతల జయలక్ష్మి ముఖం రంగు మారింది. ఆమె కొడుకు చెవిలో ఏదో చెప్పింది. రాజీవ్ గొంతు సవరించుకుని, చుట్టాలందరికీ వినపడేలా మొదలుపెట్టాడు.

"లిఖితా, సరే. ఉద్యోగం చేసుకో. నేను ఒప్పుకుంటున్నాను. చాలా?"

అన్ని తలలూ లిఖిత వైపు తిరిగాయి. ఆమె చెప్పిన కారణం అదొక్కటే. అది కాస్తా పోయింది. వెంకటప్పయ్య చేతులు జోడించి పైకి చూశాడు. ముసలావిడ అక్షింతల పళ్ళెం అందుకుంది.

లిఖిత లేచి నిలబడింది. "మీరు ఒప్పుకుంటే చేసుకునేది కాదండీ అది. ఒప్పుకోకపోయినా చేశాను. అందుకే మీకూ నాకూ కుదర్లేదు."

"ఇంత మందిలో..." అని జయలక్ష్మి ఏదో అనబోయింది.

అప్పుడు ఫోన్లోంచి కుసుమకుమారి గొంతు వచ్చింది. "అమ్మాయ్, స్విచ్చేశానే. నిజమేనమ్మా. ఇన్నాళ్ళూ పొయ్యి ఆర్పుతున్నానని తెలియలేదు."

తెర మీద పచ్చగీత కదిలింది. తెనాలి, బాపట్ల, రేపల్లె. ‘పూర్తయింది.’

మరుక్షణం షామియానా కింద ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. పురోహితుడిది మోగింది, రాజీవ్‌ది మోగింది, జయలక్ష్మి సంచిలోదీ మోగింది. ‘ఈ శుభకార్యం రద్దు చేయబడినది. అసౌకర్యానికి చింతిస్తున్నాము.’ మేళగాళ్ళు జేబులోంచి ఫోన్ తీసి చూసుకుని సన్నాయి సంచిలో పెట్టేశారు. గుంజ దగ్గరి కుర్రాడు, "వచ్చిందక్కా మెసేజ్," అని తాడు విప్పాడు. షామియానా ఒక పక్క నెమ్మదిగా దిగింది. జయలక్ష్మి లేచిన మరుక్షణం ఆమె కుర్చీ లారీ ఎక్కింది. పూలబస్సు డ్రైవరు మెసేజ్ చదివి, హారన్ కొట్టి, ఖాళీ బస్సుతో రేపల్లె వెళ్ళిపోయాడు.

"మా బస్సు!" అన్నాడు రాజీవ్.

"రద్దు సరిగ్గా అయిందండి," అంది లిఖిత. "అన్నీ వెళ్ళిపోతాయి."

జయలక్ష్మి శివపార్వతి వైపు తిరిగింది. "ఇదేంటి వదినగారూ? మీరైనా చెప్పరే?"

శివపార్వతి పూజగది వైపు చూడలేదు. కొంగు బిగించింది. "మా అమ్మాయి ఒకసారి వద్దంది. రెండోసారీ వద్దంది. మూడూళ్ళ కంప్యూటర్లకి అర్థమైంది వదినగారూ, మనకెందుకు అర్థం కాదు? వంట మాత్రం రద్దు చేయడానికి లేదు, ఉడికిపోయింది. భోంచేసి వెళ్ళండి. చెరుకుపల్లి బస్సులు తెనాలి నుంచి చాలానే ఉన్నాయి."

షామియానా లేకుండా, ఎండలోనే, వీధంతా భోంచేసింది. సంజీవరావు మూడుసార్లు తిన్నాడు, ఉప్పు ఖాయం చేసుకోవడానికి. ఎజ్రా కుర్చీలు లెక్క చూసుకుంటూ, "చెల్లెమ్మా, ఇకనుంచి ముగ్గురు సాక్షులు చెప్పినా నీకొక ఫోన్ చేస్తాను," అన్నాడు. వెంకటప్పయ్య విస్తరి ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించి, దేవుడు రెండోసారి కూడా తిరగరాసి ఉండొచ్చని తేల్చుకున్నాడు. లిఖిత చెయ్యి కడుక్కుని, ఎప్పటిలాగే ఆటో ఎక్కింది.

ఆ తర్వాత రేపల్లె సర్వర్ వర్జ్యంలో ఒక్కసారీ ఆగలేదు. కుసుమకుమారి మాత్రం ఆ వేళకు దాని ఎదురుగా కుర్చీ వేసుకుని, అది కొత్తగా ఏదీ మొదలుపెట్టకుండా కాపలా కాస్తోంది.