బస్సు టైముకు తీసిన రక్తం

రక్తంలో యాంటీబయాటిక్ ఎంత చేరిందో కొలిచే లాబ్ ఊళ్లో లేకపోవడం మహాభాగ్యం! నవ్వకండి, అనుభవించి చెబుతున్నాను.

మా అవ్వ పుట్టమ్మకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే ధర్మవరంలో ఓ నర్సింగ్ హోమ్‌లో చేర్చాం. మామూలు మందులేవీ పనిచేయలేదు. ఎందుకు చేస్తాయి? జలుబుకి రెండు, ఒళ్లునొప్పులకి రెండు చొప్పున మెడికల్ షాపులో అడిగి మింగి, కాస్త తగ్గగానే మిగిలినవి పక్క మగ్గం వాళ్లకు పంచే ఉదార నేతగాళ్ల వంశం మాది! చివరికి డాక్టర్ ప్రశాంతి గారు గట్టి సూదిమందు మొదలుపెట్టారు. అది ఒంట్లో పేరుకుంటే చెవులు పోతాయని, రక్తంలో కొలిపించి డోసు సరిచేయాలని ముందే చెప్పారు.

శాంపిల్ బెంగళూరుకు వెళ్లాలట. చూశారా వైభోగం! హిందూపురం దాటి ఎరగని అవ్వ తరఫున ఆమె రక్తం ఐసు డబ్బాలో కూర్చుని పక్క రాష్ట్ర రాజధానికి బయల్దేరింది. మా ఇంట్లో ఇంకెవరికి ఆ యోగం పట్టింది?

సరిగ్గా సూది వేసే ముందు రక్తం తీయాలని, అప్పుడే పాత మందు ఎంత మిగిలిందో తెలుస్తుందని అన్నారు డాక్టరమ్మ. సూది సాయంత్రం ఆరుకి. డబ్బా వెళ్లే బస్సు పొద్దున పదకొండుకి. లాబ్ టెక్నీషియన్ కేశవ పదిన్నరకే సిరంజీతో వచ్చేశాడు.

"పొద్దున తీస్తే ఏమి, మాయిటాల తీస్తే ఏమన్నా? ఒగే మనిషి రగతమే కదా! బస్సు పోతాది."

ఇంత శాస్త్రీయ దృక్పథాన్ని కాదనడానికి నేనెవణ్ని?

ఈలోగా పక్కింటి యల్లక్క మాకు ఏ లోటూ రానివ్వలేదు. రోజూ వచ్చి, అవ్వ మూత్రం రంగు చూసి, "మందు బాగా ఎక్కిండాది" అని రిపోర్ట్ ఇచ్చేది. అర నిమిషంలో! ఫీజు గ్లాసుడు కాఫీ.

మూడో రోజు బెంగళూరు నుంచి వాట్సాప్ వచ్చింది: తీసిన వేళ తప్పు, మళ్లీ పంపండి. అంతవరకూ సూదులు ఆగాయా? ఆపితే ఇన్ఫెక్షన్ ఊరుకుంటుందా? ఈసారి సాయంత్రం ఆరుకే తీయించి, డబ్బా ఒళ్లో పెట్టుకుని నేనే రైలెక్కాను.

ఇంకో మూడు రోజులకు రిపోర్ట్ వచ్చింది. ఎంత అందమైన కాగితం! రంగుల గీతలు, దశాంశాలు, ఇద్దరి సంతకాలు. మందు ఉండాల్సినదానికి రెండింతలుందని ఎర్ర అక్షరాల్లో రాశారు. డాక్టరమ్మ ఆ పూట సూది ఆపేశారు. కాగితం పట్టుకుని అవ్వ మంచం దగ్గరికి పరుగెత్తాను.

"అవ్వా, రిపోర్ట్ వచ్చింది!"

అవ్వ నా నోటివైపే చూస్తూ ఉండిపోయింది.

"రొంత గట్టిగా చెప్పు నాయనా. రెండు దినాలాయ, ఈ ఆస్పత్రిలో అందరూ గుసగుసలాడతాండారు."