శోభ ఫిట్ అయిన వైనం

శోభకు రొమ్ము క్యాన్సర్ అని తేలిన సాయంత్రం, గోదావరిఖనిలోని ఆమె క్వార్టర్‌కు పదకొండు మంది అభినందనలు తెలపడానికి వచ్చారు. ఇద్దరు పండ్లు తెచ్చారు. ఒకాయన శాలువా కూడా తేబోయి, మరీ బాగుండదని భార్య అనడంతో మానుకున్నాడు.

ఈ ప్రాంతం సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. బొగ్గుబావి ఉద్యోగికి డ్యూటీ చేయలేని జబ్బు చేసిందని మెడికల్ బోర్డు తేలిస్తే అన్‌ఫిట్ అంటారు. అన్‌ఫిట్ అయినవారి ఉద్యోగం కొడుక్కో అల్లుడికో వస్తుంది. జబ్బుపడ్డ ఇంటికి ఆసరాగా పెట్టిన మంచి నిబంధన ఇది. జనం దాన్ని ఇంకా మంచిగా అర్థం చేసుకున్నారు. నడుమునొప్పి, చెవుడు, మసకచూపు వంటి చిన్నాచితకా జబ్బులతో బోర్డు దాకా పోయి, ఆరోగ్యంగా ఉన్నారన్న దుర్వార్తతో ఇంటికొచ్చినవారు వీధికి నలుగురున్నారు. భర్త పోయాక వచ్చిన ఉద్యోగంలో, గని దీపాల గదిలో కూర్చుని షిఫ్టు షిఫ్టుకూ టోపీ దీపాలు అందించే శోభకు మాత్రం, ఏ ప్రయత్నమూ లేకుండా ఏకంగా క్యాన్సరే వచ్చింది. పెట్టిపుట్టింది అన్నారు అందరూ.

శోభకు భయం వేసింది. యాభై మూడేళ్లకే చచ్చిపోవాలని ఆమెకు లేదు. ఈ కోరికను ఆ పూట బయటపెట్టడానికి వీలు చిక్కలేదు, వచ్చినవాళ్లకు చాయ్ పెట్టాలి కదా.

మరునాడు కరీంనగర్‌లో క్యాన్సర్ డాక్టర్ ధరణి దగ్గరికి కొడుకు కిషన్, అన్న సదయ్య ఆమెను వెంటబెట్టుకుని వెళ్లారు. సదయ్య మోకాళ్ల నొప్పులతో అన్‌ఫిట్ అయిన మనిషి. ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే గోదావరి వంతెన దాకా నడిచి వస్తున్నాడు. ఈ వ్యవహారాల్లో ఆయన మాటకు తిరుగులేదు. కిషన్ డిగ్రీ చదివి, తల్లి ఉద్యోగం మీద గౌరవంతో మరే ఉద్యోగాన్నీ కన్నెత్తి చూడకుండా ఉన్నాడు. ఆ ఉద్యోగానికి అతని వయసు దాటిపోవడానికి ఇంకా ఎనిమిది నెలలే ఉన్నాయి.

ధరణి ఓపికగా వివరించింది. గడ్డ చిన్నది, తొలిదశలోనే దొరికింది. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇవ్వొచ్చు, లేదా రొమ్ము మొత్తం తీసెయ్యొచ్చు. ఈమె విషయంలో బతికే అవకాశం రెండింట్లోనూ సమానమే. తర్వాత కొన్నేళ్లు మాత్రలు వేసుకోవాలి. ఏది కావాలో శోభగారే ఆలోచించుకుని చెప్పాలి. కోలుకున్నాక డ్యూటీకి కూడా వెళ్లొచ్చు. ఈ చివరి మాటకు కిషన్ ముఖం వాడిపోయింది.

ఇందులో అన్‌ఫిట్ వచ్చే వైద్యం ఏదని సదయ్య అడిగాడు. అలాంటిది తాను చదువుకోలేదని డాక్టర్ ఒప్పుకుంది. పోనీ, బోర్డు పిలిచేదాకా ఓ ఆరు నెలలు ఏమీ చెయ్యకుండా ఆగితే? పెరుగుతుంది, ఒళ్లంతా పాకొచ్చు, ప్రాణం మీదికి వస్తుంది అంది ధరణి. సదయ్య తృప్తిగా తలూపి, మూడో దారి కూడా చూపించినందుకు ఆమెకు కృతజ్ఞతలు చెప్పాడు.

ఆదివారం శోభ ఇంట్లోనే బంధువుల సభ జరిగింది. సదయ్య అధ్యక్షోపన్యాసం చేశాడు.

"చెల్లె, జర ఇను. గడ్డ తీసేసినంక బోర్డు ముంగటికి పోతె ఏం చూపిస్తవ్? మంచిగనే ఉన్నవ్, డ్యూటీకి పో అంటరు. గడ్డతోనే పోవాలె. ముందుగాల కాయితం చేతికి రానియ్యి, తర్వాత ఎంత పెద్ద దవాఖానకైనా నేనే తోలుకపోత."

మాట్లాడిన తొమ్మిది మందిలో ఒక్కరి నోటా రొమ్ము అన్న మాట రాలేదు. ఆడవాళ్ల ముందు ఆ మాట అనడం అసభ్యం. ఆరు నెలలు గడ్డను అలాగే పెరగనివ్వాలనడంలో మాత్రం అసభ్యత ఏమీ లేదు కాబట్టి, ఆ తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

"నువ్వేమంటవ్ బిడ్డా?" అని శోభ కొడుకును అడిగింది.

కిషన్ నేల చూస్తూ, "మామ చెప్పింది కరెక్టే గదమ్మా. ఆర్నెల్లే గద," అన్నాడు.

గడ్డ ఇంకా నొప్పి లేకుండానే ఉంది. కొడుకు మాటే నొప్పి పెట్టింది. కన్నీళ్లు వంటింట్లోకి పోయి తుడుచుకుంది.

సోమవారం ఆమె డ్యూటీకని బయల్దేరి కరీంనగర్ బస్సెక్కింది. గడ్డ వరకే తీయించుకుంటానని చెప్పి, కాగితాల మీద తానే సంతకం పెట్టింది. ఆపరేషన్ అయింది, గాయం మానాక నాలుగు వారాలు రేడియేషన్ అయింది. తర్వాత డ్యూటీకి ఫిట్ అని సర్టిఫికెట్ కూడా వచ్చింది.

ఊరు నివ్వెరపోయింది. ఏ తల్లీ ఇంత స్వార్థంగా కోలుకోలేదని పెద్దలు బాధపడ్డారు. సదయ్య మాటలు బంద్ చేశాడు. కిషన్‌కు, మామూలు మనుషుల పిల్లల్లాగా, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్లి ఉద్యోగం వెతుక్కోవాల్సిన దుస్థితి పట్టింది. అందరికంటే ఎక్కువగా గుండెలు బాదుకున్నది గని క్యాంటీన్‌లో పర్మినెంటు వర్కర్ పూలమ్మ. కొడుకు నోటికాడి ముద్ద తీసిన తల్లిని ఎక్కడా చూడలేదని ఆమె షేర్ ఆటోల్లో కూడా ప్రకటించింది. ఆమెకు ఉద్యోగం లేని అల్లుళ్లు ఇద్దరు.

ఒకనాడు మొదటి షిఫ్టు వాళ్లంతా దీపాలు తీసుకుని బావిలోకి దిగాక, పూలమ్మ దీపాల గది కిటికీ దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసి, కొంగు నిండా కప్పుకుని, ఆ డాక్టరమ్మ దగ్గరికి ఏ బస్సు పోతుందని అడిగింది. శోభకు అర్థమైంది. ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగితే, ఏడాది అయిందంది.

"ఇంట్ల చెప్పలేదా?"

"చెప్పలే. నువ్వు గూడ చెప్పకు అక్కా," అంది పూలమ్మ. "సంతోషపడతరు."