ఖాతాదారే స్వయంగా రావలెను

పౌరుడికి దాహం వేస్తుంది. వినియోగదారుడికి సేవావసరం ఏర్పడుతుంది. మానవజాతి సాధించిన ప్రగతి అంతా ఈ రెండు వాక్యాల మధ్యనే ఉందని సెలో మోలెఫె దృఢవిశ్వాసం. జోహన్నెస్‌బర్గ్ పక్కనున్న మా పేటలో పురపాలక సంఘం మంచినీళ్ళను ఒక కంపెనీకి అప్పగించిన రోజున అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు అతనే. (తక్కినవాళ్ళం కూడా కొట్టాం, కాస్త మెల్లగా. పాత గుమాస్తానైతే తిట్టుకోవడానికి వీలుండేది. ఇంటింటికీ కంపెనీ బిగించిన మీటరును తిట్టాలంటే మర్యాదగా, దూరం నుంచి తిట్టాలి.)

గురువారం సెలో తల్లి పోయింది. ఆదర్శ వినియోగదారుడు కదా, ఏడుపు మొదలుపెట్టకముందే ఫోను తీసి కంపెనీకి ఆ వార్త తెలియజేశాడు. కంపెనీ తక్షణమే సంతాపం ప్రకటించి, ఆమె పేరున ఉన్న మీటరును మూసేసింది.

వంటకు నీళ్ళు ఇరుగుపొరుగువాళ్ళు మోసిచ్చారు. దాంతో మీటరు ఇచ్చే నెల కోటా అయిపోయి, వాళ్ళ కుళాయిలూ ఆ నెలకు చేతులెత్తేశాయి. శ్మశానం నుంచి తిరిగొచ్చినవాళ్ళు గేటు దగ్గర బేసిన్‌లో చేతులు కడుక్కోందే మా ఇళ్ళలో అడుగు పెట్టరు. పెడితే చావు కూడా వెంట వస్తుంది. శనివారం ఖననానికి పేటంతా వస్తుంది, బేసిన్‌లో చుక్క లేదు. అమ్మను సాగనంపినవాళ్ళను బయటే నిలబెట్టి పంపాల్సిందే.

శుక్రవారం పొద్దున్నే కంపెనీవారి శోకగ్రస్త వినియోగదారుల విభాగానికి పరుగెత్తాడు. అక్కడి అధికారిణి పులేన్ అతణ్ణి చూడగానే, నిబంధన ప్రకారం, ముఖం విచారంగా పెట్టింది.

"ఒక్క బేసిన్ నీళ్ళు చాలమ్మా. చేతులు కడుక్కోవడానికి."

"అయ్యో బాబాయ్, మీ బాధ నాకు తెలీదా! మీటరు తెరవాలంటే మాత్రం ఖాతాదారు వచ్చి వేలిముద్ర వెయ్యాలి."

"పోయింది ఆవిడే కదమ్మా!"

"పూడ్చేశారా?"

"ఇంకా లేదు. రేపు."

"హమ్మయ్య," అంది పులేన్. "అయితే ఇంకా టైముంది."

ఇంకొకడైతే బల్ల తిరగేసేవాడు. సెలో మాత్రం శనివారం ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారని అడిగాడు.

శనివారం శ్మశానానికి వెళ్తున్న శవవాహనం కంపెనీ గుమ్మం ముందు ఆగింది. వెనకాల పేటంతా ఆగింది. సెలో మేనత్త లినెయో వ్యాను తలుపుకు అడ్డంగా నిలబడింది.

"సిగ్గులేదురా! బతికున్నన్నాళ్ళూ మా వదిన ఎవడి గుమ్మంలోనూ చెయ్యి చాచలేదు. పోయాక చాపిస్తావా?"

"ఊరుకో అత్తా. వచ్చినోళ్ళు చేతులు కడుక్కోవద్దా?"

"కడుక్కోకపోతే పోనీ! గడ్డికి తుడుచుకుంటాం!"

ఇంతలో పులేన్ చిన్న యంత్రం పట్టుకుని తనే బయటికి వచ్చింది. (కదల్లేని ఖాతాదారులకు గుమ్మం దగ్గరే సేవ చేయాలని కంపెనీ కొత్త నియమం. మాలో కొందరు మెచ్చుకున్నారు కూడా.) మేనత్తను పక్కకు జరిపి శవపేటిక మూత తీశారు. సెలో తల్లి చేతిని రెండు చేతులా అందుకున్నాడు. అది చల్లగా ఉంది. మూడు రోజులుగా ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది అతనికి. ఏడుస్తూనే ఆ బొటనవేలిని అద్దం మీద జాగ్రత్తగా ఆనించాడు.

యంత్రంలోంచి తియ్యని గొంతు పలికింది: "వేలిముద్ర సరిపోలలేదు. దయచేసి చేతులు శుభ్రంగా కడుక్కుని, మళ్ళీ ప్రయత్నించండి."

సెలో కళ్ళు తుడుచుకుని, ఆ యంత్రానికి క్షమాపణ చెప్పాడు.