ఆఖరివాడి పీక్

ఆ ఉదయం ఆఖరివాడు వేసుకున్న పథకం చాలా చిన్నది. సీరియా పొడిని వేడిచేసి శుభ్రం చేయాలి, దాని మీదికి కొంచెం కార్బన్ మోనాక్సైడ్ వదలాలి, ఎప్పటిలాగే ఏమీ అంటుకోలేదని రాసేసి థీసిస్ ముగించాలి. ప్రొఫెసర్‌గారికి అతనే చివరి విద్యార్థి కాబట్టి డిపార్ట్‌మెంటంతా అతణ్ణి అలాగే పిలిచేది. నెలాఖరుకు ఆయన రిటైరవుతారు. ఆలోగా థీసిస్ గట్టెక్కకపోతే, కొత్త గురువు దగ్గర మళ్లీ ఓనమాలు దిద్దుకోవాలి.

సీరియా అంటే ఒక అరుదైన లోహపు ఆక్సైడ్, లేతపసుపు పొడి. వాయువు దానికి అంటుకుంటే గ్రాఫ్‌లో ఒక పీక్ లేస్తుంది, లేకపోతే గీత చదునుగా పోతుంది. ఆఖరివాడి గీత అతని బతుకులాగే ఇన్నాళ్లూ చదునుగా పోతూనే ఉంది.

పొడి ఉన్న గాజు గొట్టంలోంచి గాలంతా పంపుతో లాగేసి అతను వాయువు వదిలేసరికి, ప్రొఫెసర్‌గారు వచ్చి పక్కన కూలబడ్డారు. ఏసీ కోసం కిటికీలన్నీ బిగించిన గది అది.

"నా కుర్చీలో ఇంకెవరు కూర్చుంటారోనోయ్," అంటూ ఆయన గొట్టం మీదికి వంగి పెద్ద నిట్టూర్పు విడిచారు. కాసేపటికి గీత మీద చిన్న బొడిపె లేచింది.

"అంటుకుందోయ్," అన్నారాయన.

"ఇంకోసారి చూద్దాం సార్."

"చూద్దాం. అందరినీ పిలిచి మరీ చూద్దాం."

పక్క గదివాళ్లు వచ్చారు, పీక్ పెరిగింది. పై అంతస్తువాళ్లు వచ్చారు, ఇంకా పెరిగింది. వాయువు ఎప్పుడో ఆపేశాం కదా అని ఆఖరివాడు నసిగితే, "పొడి ఇప్పుడిప్పుడే దారికొస్తోంది" అని ప్రొఫెసర్‌గారు సర్దిచెప్పారు. సాయంత్రానికి అతని అక్కా బావా కూడా దిగారు.

"ఇదేనట్రా?" అంది అక్క. "దీనికోసమేనా అమ్మని పెళ్లి మాట ఎత్తనివ్వంది?"

"బాగానే ఉందిలే బామ్మర్దీ," అన్న బావ, తనకు ప్రమోషన్ రాని వైనం ఎత్తుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆయన ముగించేసరికి పీక్ తెర పై అంచుకు తగిలింది. ఆఖరివాడు సంతోషపడబోయాడు గానీ, అలవాటు లేక కుదరలేదు.

బయటి పరీక్షకుడు వచ్చిన రోజున, ఆయన మీది గౌరవంతో అందరూ వరండాలోకి తప్పుకున్నారు. ఆయన ఉక్కగా ఉందని కిటికీలు తెరిపించి దూరంగా కూర్చున్నాడు. కొత్త పొడి వేశారు, వాయువు వదిలారు. గీత చదునుగా పోయింది.

"ఏదండీ మీ పీక్?"

"నిన్నటిదాకా బాగానే ఉందండి," అన్నాడు ఆఖరివాడు.

"మనుషులు పోయినప్పుడు అనే మాట ఇది."

ప్రొఫెసర్‌గారు ఇక ఆగలేక పరివారంతో సహా లోపలికొచ్చి, "నా పరువు పోయిందోయ్" అని గొట్టం మీద వంగి నిట్టూర్చారు. గీత కదిలింది. ఆఖరివాడు మూసి ఉన్న వాయువు కవాటాన్ని చూశాడు, గొట్టం మూతి దగ్గర పగిలిన రబ్బరు రింగును చూశాడు, చివరికి గురువుగారి నోటిని చూశాడు. నోరు మూసుకుంటే డిగ్రీ వస్తుంది. రావాలని అతనికి ఎంతగానో ఉంది, ఆ కోరికకు తనమీద తనకే జాలేసింది.

"ఇది కార్బన్ మోనాక్సైడ్ కాదండి," అన్నాడు. "రింగు పగిలింది. గొట్టం లోపల ఖాళీ కాబట్టి గదిలో గాలిని లాక్కుంటోంది. పొడికి అంటుకున్నది మన ఊపిరి."

గదిలో ఎవరూ ఊపిరి వదల్లేదు.

"మంది ఎక్కువైతే మజ్జిగ పలచనంటారు," అన్నాడు పరీక్షకుడు కళ్లజోడు తుడుచుకుంటూ. "మీ దగ్గర చిక్కబడింది. రింగు మార్చి, నెలాఖరులోగా ఆ చదును గీతే పంపించండి. అంటుకోలేదన్నదీ ఫలితమే. సంతకం పెడతాను."

ఆఖరివాడు కొత్త రింగు బిగించి, ఒంటరిగా చదును గీత కోసం కూర్చున్నాడు. గీత చదునుగా పోలేదు. వాయువు వదిలితే లేచింది, ఆపితే ఆగింది. ఇన్నాళ్లూ గీత మొదలుకాకముందే పగులులోంచి దూరిన గాలి పొడి మీద జాగా అంతా ఆక్రమించి, కార్బన్ మోనాక్సైడ్‌కు కాలు మోపే చోటు లేకుండా చేసిందన్నమాట; ఆ గాలిని తోసుకుని అంటుకునే సత్తా మనుషుల ఊపిరికే ఉంది. ప్రొఫెసర్‌గారి ఆఖరి పనిదినాన అతను ఆయనకు ఫోన్ చేశాడు.

"సార్, అంటుకుంది."

"నిజంగానా?"

"నిజంగానే సార్. అందుకే మరీ చిన్నగా ఉంది."

ఆయన పరుగున వచ్చి, గుమ్మం బయటే ఆగిపోయి, ముక్కూ నోరూ మూసుకుని కళ్లనీళ్లతో ఆ చిన్న పీక్‌ను చూశారు. కొత్త రింగుకు ఊపిరి భయం లేదన్న సంగతి ఆఖరివాడు ఆయనకు చాలాసేపటిదాకా చెప్పలేదు.