చెయ్యి వణకని తాత

పడకగది గోడ మీద తన పేరు లేకపోతే పిల్లకు తానెవరో తెలియదని ఈ మధ్యనే పెద్దలు కనిపెట్టారు. అంతకు ముందు పుట్టినవాళ్ళమంతా ఎవరికి వారం ఎవరమో తెలియకుండానే పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని, సాయంత్రమయ్యేసరికి ఎవరి ఇంటికి వాళ్ళం సరిగ్గానే చేరుకుంటూ వచ్చామంటే అది కేవలం అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుని పిల్లల్ని పెంచే రోజులు పోయాయి. కనుకనే మూడో అంతస్తులో కాపురముంటున్న దంపతులు తమ అమ్మాయికి అయిదో ఏడు నిండేలోగా, ఆమెకు కేటాయించిన గదిలో, ఆమె పేరును గోడకెక్కించాలని తీర్మానించారు.

పేరేమిటని అడక్కండి. నాలుగక్షరాలు. లోకంలో ఇంకెవరికీ ఉండకూడదని పట్టుబట్టి, రెండు వైపులవాళ్ళూ ఏడు నెలలు వాదించుకుని పెట్టారు. బళ్ళో వేసేసరికి ఆ తరగతిలోనే ఆ పేరుగలవాళ్ళు మరో ముగ్గురున్నారు. ఇంట్లో మాత్రం పిల్లను బుడంకాయ అంటారు. అది ఒక్కర్తే.

ఇంత పెద్ద కార్యం తల్లిదండ్రుల వల్ల అయ్యేది కాదు గనక పిల్లల గదులకు సలహాలిచ్చే మేడమ్‌ను పిలిపించారు. ఆవిడ వస్తూనే గోడకు చెవి ఆనించి విన్నారు.

"ఏమంటోందండీ?" అన్నాడు తండ్రి, గొంతు తగ్గించి.

"ఖాళీగా ఉన్నానంటోంది" అన్నారావిడ.

ఆ మాట తండ్రికీ తెలుసు. కానీ తెలిసినవాళ్ళ నోట వింటే ఆ గౌరవమే వేరు.

"ఈ గదిలో ఆత్మీయత లోపించింది. పేరు చూడగానే ఎవరో ఒక తాతయ్య, వణికే చేతులతో, మనవరాలి మీద ప్రేమ కొద్దీ చేసినట్టుండాలి" అని మేడమ్ తేల్చి, సంచిలోంచి ఒక కంపెనీవారి పుస్తకం తీశారు.

'తాతయ్య చేతిపని' అన్నది ఆ కంపెనీవారి సరుకు. చెక్క అక్షరాలు కోసేది యంత్రమే. దానికి వణకకుండా ఉండటం నేర్పడానికి ఇంజనీర్లకు రెండేళ్ళు పట్టింది. ఆ తరవాత వణకడం నేర్పడానికి ఇంకో రెండేళ్ళు. వణుకులో మూడు తరగతులు: స్వల్పం, మధ్యమం, తీవ్రం. తీవ్రం తీసుకున్నవారికి అక్షరాల వెనక వేలిముద్ర కూడా వేసి పంపుతారు. వాటితోపాటు ఒక ధ్రువపత్రం, పక్కన తగిలించుకోవడానికి ఒక తాతయ్య ఫొటో. కళ్ళజోడు ముక్కు చివరికి జారి, బోసినోటితో నవ్వుతూ, చూసినవాళ్ళకు వెంటనే తమ చిన్నతనం గుర్తొచ్చేటట్టు ఉంటాడు.

"మా ఇంట్లోనే తాతగారున్నారండీ" అంది తల్లి, కాస్త బెరుగ్గా.

"ఏం చేసేవారు?"

"దుకాణాల బోర్డులకి చెక్క అక్షరాలు కోసేవారు. నలభై ఏళ్ళు."

"అయ్యో" అన్నారు మేడమ్, ఇంట్లో ఎవరికో బాగాలేదని విన్నట్టు.

ఆ తాతను బజారంతా గీత మేస్త్రి అనేవారు. ఆయన పెన్సిలు గీత గీస్తే చీమలు దాని పక్కన నిలబడి తమ వరస సరిచూసుకునేవట. ఆయన నునుపు చేసిన అక్షరం మీద వాలబోయి ఒక ఈగ జారి, కాలు విరగ్గొట్టుకుందట. దానికి కట్టు కట్టింది కూడా తానేనని ఆయన చెప్పగా విన్నవాళ్ళున్నారు. ఆయన బోర్డులు కట్టిన కొట్లు కొన్ని మూతపడ్డాయి, కొందరు యజమానులు ముఖం చాటేశారు, అక్షరాలు మాత్రం వంగలేదు. అయితే ఊరందరి పేర్లూ కోసిన ఆ సన్నరంపం సొంత ఇంటి గోడ మీద ఒక్క పేరూ నిలపలేదు. కొడుకు పుట్టినప్పుడు తీరిక లేకపోయింది. మనవరాలు పుట్టిన నాడు నాణ్యమైన చెక్క తెచ్చి, చిత్రిక పట్టి, గుడ్డ చుట్టి వెనక బాల్కనీలో దాచాడు. అయిదేళ్ళలో చెక్క బాగా ఎండింది; ఆశ మాత్రం పచ్చిగానే ఉంది.

"కంపెనీ ఎందుకురా? నేను చేస్తాను" అన్నాడు కొడుకుతో.

"నీకెందుకు నాన్నా శ్రమ?"

"శ్రమ కాదురా, అది నా మనవరాలి పేరు."

కొడుకు తన భార్య ముఖం చూశాడు. భార్య మేడమ్ ముఖం చూసింది. "చేసి పరీక్షకు పెట్టమనండి. నెగ్గితే ఆయనవే తగిలిద్దాం, లేకపోతే కంపెనీవి. నిబంధనలు అందరికీ ఒకటే" అన్నారు మేడమ్.

మూడో రోజుకల్లా నాలుగక్షరాలూ భోజనాల బల్ల మీద నిలబడ్డాయి. కోడలికి ముచ్చటేసింది గానీ, మేడమ్ వచ్చి చూసేదాకా బయటపడలేదు. మేడమ్ భూతద్దం పెట్టి చూశారు. అంచును గోటితో గీరారు.

"ఇది యంత్రం కోసింది."

"అమ్మా, నా చేత్తో కోశాను."

"కోసి ఉండొచ్చండీ. కనబడాలి కదా! ఎక్కడా ఒక్క పొరపాటు లేదు. ఇలాంటిది చూసి పిల్లకు తాతగారి ప్రేమ ఎలా తెలుస్తుంది?"

కొడుకు తండ్రిని పక్కకు తీసుకెళ్ళి, "నాన్నా, మరీ బాగా వచ్చింది. కాస్త పాడుచెయ్యలేవా?" అని బతిమాలాడు.

మేస్త్రి పట్టుదల మనిషి. ఎడమ చేత్తో కోశాడు. నలభై ఏళ్ళు కుడి చేతి పక్కనే కూర్చుని చూసిన ఎడమ చెయ్యి ఊరికే కూర్చోలేదు, పనంతా నేర్చుకుంది. కళ్ళు మూసుకుని కోశాడు. ఇంకా బాగా వచ్చింది. ఏడు గ్లాసుల చిక్కటి టీ తాగి కోశాడు. చెయ్యి వణకలేదు గానీ, ఆ ఊపులో పక్కింటివాళ్ళ పేర్లు కూడా కోసేశాడు. చివరికి బట్టలుతికే యంత్రం పిండే దశలో పూనకం వచ్చినట్టు ఊగుతుంటే దాని మీదెక్కి కూర్చుని కోశాడు. అక్షరం తిన్నగానే వచ్చింది; యంత్రమే ఆనాటి నుంచి ఊగడం మానేసింది. ఈ సంగతి కోడలే చెప్పింది, ఆమె అబద్ధమాడదు.

పుట్టినరోజు ఇంకా నాలుగు రోజులుందనగా కంపెనీవారి నమూనా అక్షరం వచ్చింది. మేస్త్రి దాన్ని తిరగేసి వేలిముద్ర చూశాడు.

"ఎవరిదిరా ఈ వేలు?"

"ఎవరిదీ కాదు నాన్నా, డిజైను."

మేస్త్రి అక్షరాన్ని బల్ల మీద పెట్టేశాడు. బాల్కనీలోకి వెళ్ళి మిగిలిన చెక్క ముందేసుకుని కూర్చున్నాడు. డెబ్భై ఏళ్ళలో మొదటిసారి తన చెయ్యి చూసుకుని సిగ్గుపడ్డాడు.

బుడంకాయ వచ్చి వీపు మీద వాలింది. "తాతా, ఎందుకలా కూర్చున్నావు?"

"వంకరగా చెయ్యడం రావట్లేదే తల్లీ."

"అంతేనా! నాకొచ్చుగా."

సుద్దముక్క తెచ్చుకుని, చెక్క మీద బోర్లా పడుకుని, నాలుక బయటపెట్టి తన పేరు రాసింది. మొదటి అక్షరం పళ్ళెమంత వచ్చింది. రెండోది దాని మీద అలిగినట్టు అటు తిరిగింది. మూడోది సగంలో ఉండగా తుమ్మొచ్చి, సుద్ద ఎగిరి ఎక్కడికో పోయి వచ్చింది. నాలుగోది చోటు లేక అంచు పట్టుకుని వేలాడింది.

"తుమ్ము గీత చెరిపెయ్యి తాతా."

"ముట్టుకోకు! అదే అసలైంది."

తిన్నని గీత మీద రంపం నడపడం ఎవడికైనా వస్తుంది. నాలుగేళ్ళ పిల్ల తుమ్మును వెంట్రుకవాసి తప్పకుండా కోసుకుపోవాలంటే మాత్రం నలభై ఏళ్ళ పనితనం కావాలి. మేస్త్రి తన జన్మలో అంత కష్టమైన బోర్డు చెయ్యలేదు. రెండు పగళ్ళు పట్టింది. తుమ్ము దగ్గరే ఒక పూట గడిచింది.

ఈసారి మేడమ్‌కు భూతద్దం అక్కర్లేకపోయింది. కళ్ళజోడు తీసి కళ్ళొత్తుకున్నారు. "ఇదీ! చూడండి ఈ వంపు. డెబ్భై ఏళ్ళ అలసట దీంట్లో ఉంది. ఇక్కడ చూడండి, మూడో అక్షరం మధ్యలో ఈ విరుపు! మాటలకందని ఒక తరం వేదన. దీన్ని ఏ యంత్రమూ తేలేదు. కంపెనీవారు తీవ్రం మీద ఇంకో తరగతి పెట్టుకోవాలి."

"అక్కడ నాకు తుమ్మొచ్చింది" అంది బుడంకాయ.

"పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు మధ్యలో రాకూడదమ్మా" అంది తల్లి.

మేస్త్రి నిజం చెబుదామని నోరు తెరిచాడు. కొడుకు అప్పటికే గోడకు మేకులు దిగేస్తున్నాడు. ప్రతి దెబ్బకీ ఒక్కో అక్షరం గోడ మీదికి చేరుతోంది. మేస్త్రి నోరు మూసుకున్నాడు.

ఫొటో విషయంలోనే చిన్న ఇబ్బంది వచ్చింది. మేస్త్రి తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని నిటారుగా నిలబడ్డాడు. తాతలా లేరని మేడమ్ ఒప్పుకోలేదు. కాస్త వంగి చూడమన్నారు. వంగితే ఏదో వెతుక్కుంటున్నట్టున్నాడు తప్ప ప్రేమ కనబడలేదు. చివరికి కంపెనీవారి బోసినోటి తాతనే తెప్పించి అక్షరాల పక్కన తగిలించారు. అక్షరాలు తనవే కదా అని మేస్త్రి దానికీ సర్దుకున్నాడు.

పుట్టినరోజుకు వచ్చినవాళ్ళంతా కేకు సంగతి మరిచిపోయి ఆ గోడ ముందు వరస కట్టారు. ఒక్కొక్కరే ముందుకొచ్చి, తుమ్మును వేలితో తడిమి, ముక్కు చీదుకుని పక్కకు జరిగారు. ఆఖరున కోడలి ఆఫీసులో పై అధికారి వచ్చాడు. ఫొటోకేసి చాలాసేపు చూసి, పక్కన నిలబడ్డ మేస్త్రిని అడిగాడు.

"ఆయన మీకేమవుతారండీ?"

"నేను ఆయన దగ్గర పనిచేస్తానండీ" అన్నాడు మేస్త్రి.

"అదృష్టవంతులు. మా అబ్బాయికీ ఇలాంటిదే చేయించాలి. కంపెనీ నంబరుంటే ఇప్పించండి."

"మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా బాబూ?"

"ఎందుకు లేరండీ, మా నాన్నగారున్నారు" అంటూ ఆయన నిట్టూర్చాడు. "ఏం లాభం? జన్మంతా గడియారాలు బాగుచేశారు. ఎనభై నిండినా చెయ్యి వణకదు. డాక్టరుకి కూడా చూపించాం."