మామగారి పగడాలు, అల్లుడి చెయ్యి

ఆ ఆదివారం పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారింటికి వెళ్ళాలి. ఉప్పునీళ్ళ అక్వేరియం అద్దానికి పట్టిన నాచు గీకాలి. ఆవిరైపోయిన మేరకు మంచినీళ్ళు పోయాలి. తాళం వేసుకుని టిఫిను వేళకు ఇంటికొచ్చేయాలి. అయినా మెట్లెక్కాలంటేనే అతనికి భయమేసింది.

భయానికి కారణముంది. మామగారు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన వీధి మొదట్లో కనిపిస్తే వీధి చివరి కొట్టువాడు కూడా త్రాసు సరిచూసుకునేవాడు. పెళ్ళయిన కొత్తలో అల్లుడు సాయం చేద్దామనుకుని, ఆయన ప్రాణంగా దాచుకున్న ఇత్తడి త్రాసు తుడవబోయి పళ్ళేనికి సొట్ట పెట్టాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో అతను దేనివైపు చెయ్యి చాపినా, "మీరు కూర్చోండి అల్లుడుగారూ" అని వినిపించేది. ఆ 'గారూ' వింటే అల్లుడికి చెమటలు పట్టేవి.

ఇప్పుడు మామగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ముందుగా ఒక కంటికి ఆపరేషన్, ఆ తర్వాత పెద్దకూతురింట్లో విశ్రాంతి. వేరే దిక్కులేక తాళాలు చిన్నల్లుడికి ఇచ్చారు.

"పగడాలంటే ఉంగరంలో పెట్టుకునేవి కాదండీ. ప్రాణమున్నవి. దేనికెంత వెలుగు కావాలో, ఎంత నీటి ఊపు కావాలో చూసి, కొలిచి పెట్టాను. ఒకదానికొకటి తగిలితే కుట్టుకు చస్తాయి. మీరు చెయ్యి మాత్రం లోపల పెట్టకండి," అని మరీ మరీ చెప్పి వెళ్ళారు.

"నాన్న మిమ్మల్ని నమ్మి అప్పగించిన మొదటి పని ఇది. ఇదీ చెడగొట్టారంటే ఇక జన్మంతా ఆ ఇంట్లో కూర్చోవడమే మీ ఉద్యోగం," అంది భార్య. ఆ మాట అల్లుడికి గట్టిగానే తగిలింది. ఆ ఇంట్లో ఒక్క పనైనా సరిగ్గా చేసిన మనిషిననిపించుకోవాలని అతనికి ఎన్నాళ్ళనుంచో ఉంది.

నాచు చక్కగా పోయింది. చివరి మూల ఒక్కటే మిగిలింది. అక్కడ గీకుడు బద్ద కొస జారి, రాళ్ళగుట్ట శిఖరం మీదున్న కొమ్మల పగడానికి తగిలింది. అది కదిలి, పల్టీకొట్టి, తిన్నగా వెళ్ళి సుత్తి పగడం మీద పడింది. సుత్తి పగడమంటే మామగారికి పంచప్రాణాలు. బొటనవేలంత ముక్క తెచ్చి పెంచారు. దాని మెత్తటి వేళ్ళ కొసలు చిన్నచిన్న సుత్తుల్లా ఉంటాయి. అవి ఉన్నపళంగా ముడుచుకుపోయి, లోపలి ఎముకలాంటి తెల్లటి గుల్ల బయటపడింది.

ఇంకేం చేస్తాడు? రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని, చెయ్యి లోపల పెట్టాడు. కొమ్మల పగడాన్ని తీసి మళ్ళీ శిఖరం మీద నిలబెట్టాడు. నిలవలేదు. కాస్త అదిమాడు. ఇంకాస్త అదిమాడు. ఈసారి శిఖరమే కూలింది. దాంతోపాటు కింది రాయి, దాని మీదున్నవీ, పక్కనున్నవీ అన్నీ కలిసి ఇసుకలోకి దొర్లాయి. నీళ్ళు విరిగిన పాలలా అయిపోయాయి. అందులోంచి తీగలు తీగలుగా జిగురు తేలసాగింది. గ్లవ్స్ విప్పి పారేసి భార్యకు ఫోన్ చేశాడు.

"నువ్వు వెంటనే ఇక్కడికి రా."

"ఏమైందండీ? నాచు పోలేదా?"

"నాచు బాగానే పోయింది."

"మరింకేంటి?"

"మిగతావి కూడా పోయేట్టున్నాయి."

భార్య పరుగున వచ్చి, తొట్టి చూసి, కుర్చీలో కూలబడింది. "ఏది ఎక్కడుండేదో గుర్తుందా?" అంది. భయంలో అతనికి తన పేరే గుర్తులేదు. ఆమె ఫోన్ వెతికితే ఒకే ఒక్క ఫొటో దొరికింది. అందులో తొట్టి ముందు మామగారు నిండుగా నిలబడి ఉన్నారు.

"మధ్యలో ఏముంది?" అన్నాడు అల్లుడు.

"నాన్న ఉన్నారు."

"ఆయన వెనకాల?"

"ఫొటోలో పక్కకి జరగమని చెప్పనా?"

ఆయన భుజాలకు అటూ ఇటూ కనిపించినవాటిని కనిపించినట్టు సర్దారు. పొట్ట వెనక ఉన్నవాటికి మాత్రం అల్లుడు తన వృత్తినే నమ్ముకున్నాడు. అతను ఒక పెద్ద దుకాణంలో వీధివైపు అద్దాల వెనక బొమ్మలకు బట్టలు తొడిగి నిలబెడతాడు. ఏ రెండూ తగలకూడదు, దేని నీడా మరొకదాని మీద పడకూడదన్నది అక్కడి పద్ధతి. అలాగే దూరం దూరంగా, శిఖరం లేదు గనక అన్నింటినీ కిందనే పెట్టాడు.

జిగురు మాత్రం ఆగలేదు. భార్య అక్వేరియం కొట్టతనికి ఫోన్ చేసింది. "భయపడితే అలాగే కారుస్తాయమ్మా. నీటిని ఊపే పంపు మూతి కొంచెం పైకి తిప్పండి, మురికంతా తేలిపోతుంది," అన్నాడతను. అల్లుడికి ఆ కంగారులో కొంచెమంటే ఎంతో తెలియలేదు. మూతి పూర్తిగా పైకి తిప్పేశాడు. నీళ్ళు ఎగజిమ్మి, పైన వేలాడుతున్న పెద్ద లైటును తడిపేశాయి. ఫట్‌మని సగం లైటు ఆరిపోయింది. మిగిలిన సగం సాయంత్రం పూట గదిలోలా నీరసంగా వెలిగింది. బాగుచేసేవాడు విడిభాగం రావాలి, టైం పడుతుందన్నాడు.

సరిగ్గా అప్పుడే మామగారి ఫోన్. "అన్నీ బాగున్నాయామ్మా?"

ఆమె తొట్టివైపు చూసింది. తండ్రితో అబద్ధం చెప్పి ఎరగదు. "ఒక్కటీ కదలడం లేదు నాన్నా."

"మంచిది. అలాగే ఉండనివ్వండి."

అలాగే ఉండనిచ్చారు. ఆ తర్వాతి రోజులు అల్లుడు ఎలా గడిపాడో అతనికే తెలియాలి. దుకాణంలో ఒక బొమ్మకు చొక్కా ముందువైపు వెనక్కి పెట్టి తొడిగితే, అది కొత్త ఫ్యాషనేమోనని జనం కొనడానికి కూడా వచ్చారు. తొట్టి దగ్గరికి రోజూ వెళ్ళేవాడు, కానీ తల పక్కకు తిప్పుకుని నీళ్ళు పోసి పారిపోయేవాడు. శవాన్ని గుర్తుపట్టే ధైర్యం తనకు లేదని భార్యతో చెప్పేశాడు.

మామగారు నల్లకళ్ళద్దాలతో ఇంటికొచ్చారు. మంచినీళ్ళైనా తాగకుండా తిన్నగా తొట్టి ముందుకు వెళ్ళారు. అల్లుడు చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆయన కళ్ళద్దాలు తీశారు. చాలాసేపు చూశారు.

"అల్లుడుగారూ, ఇలా రండి."

వెళ్ళాడు.

"చెయ్యి పెట్టారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "పెట్టాను మామయ్యగారూ," అన్నాడు. అంటూనే ఏడుపొచ్చింది. ఇక ఆగలేదు. బద్ద జారడం, శిఖరం కూలడం, పంపు, లైటు, ఆఖరికి ఆయన పొట్ట వెనకాల ఏముందో తెలియకపోవడం కూడా చెప్పేశాడు. భార్య వెనకనుంచి గిల్లుతున్నా ఆపలేదు.

"ముందు ఇటు చూడండి," అన్నారు మామగారు.

గట్టిగా మూసుకున్న కళ్ళలో అల్లుడు ఒకటి తెరిచాడు. సుత్తి పగడం అరచెయ్యంత విచ్చుకుని, సుత్తులన్నీ ఊపుతోంది. కొమ్మల పగడం ఒక కొస విరిగినా బతికే ఉంది. పుట్టగొడుగుల పగడాలు పళ్ళేల్లా పరుచుకున్నాయి.

"ఏడాదిగా ఈ సుత్తి పగడం ఇలా విచ్చుకోలేదు," అన్నారు మామగారు. "పాలిపోతుంటే వెలుగు చాలట్లేదేమో అనుకున్నా. నాకూ తొట్టి మసగ్గానే కనిపించేది మరి. లైటు పెంచుకుంటూ పోయా, దీన్ని ఇంకా పైకి జరుపుకుంటూ పోయా. మసక నా కంట్లో ఉంది. నేనే దీన్ని ఎండగట్టి చంపుతున్నా. వెలుగు సగమై, కిందికి దిగాకే దీనికి ప్రాణమొచ్చింది." ఆయన కన్ను తుడుచుకోబోతే, డాక్టరు వద్దన్నాడు కదా నాన్నా అని కూతురు చెయ్యి పట్టుకుంది.

కాసేపటికి మామగారు అల్లుణ్ణి ఎగాదిగా చూశారు. "నా సర్వీసులో ఇంత తొందరగా తప్పు ఒప్పుకున్న కొట్టువాడు ఒక్కడూ లేడోయ్," అని మొదటిసారి పైకే నవ్వారు. అల్లుడు తిరిగివ్వబోయిన తాళాలు మళ్ళీ అతని చేతిలోనే పెట్టి, పిడికిలి మూశారు. "వచ్చే నెల రెండో కంటికి ఆపరేషన్. అప్పుడూ నువ్వే చూసుకోవాలి. కొమ్మల పగడాన్ని మెల్లమెల్లగా పైకి జరుపు. ఈసారి మాత్రం చెయ్యి తప్పకుండా పెట్టు."

ఆ రోజునుంచి అల్లుడు, మామగారి రెండో కన్ను దానంతటదే బాగైపోవాలని రెండు పూటలా దేవుడికి దండం పెట్టుకుంటున్నాడు.